ఏడు తలుపుల కొండ: ఆఖరి చరణం ఎవరిది?

పోయిన వారం మిమ్మల్ని నాతోపాటు చర్చి గుమ్మంలో, ఫిబ్రవరి చలిలో నిలబెట్టి వదిలేశాను. పాపం, కాళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. లోపలికి రండి. లోపల వెచ్చగా ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

దారి తప్పి ఈ పేజీకి వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నార్తంబర్లాండ్ కొండల్లో మూతబడిన ఒక పాత చర్చిని మా బ్యాండు అద్దెకు తీసుకుని రికార్డు చేస్తోంది. రికార్డు రెండు వైపులా కలిపి ఒకటే కథ. గొర్రెలు కాసే అమ్మాయి తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ కొండ లోపలికి పోతుంది. అక్కడ ఏడు తలుపులుంటాయి. ప్రతి తలుపు దగ్గరా ఆమె దగ్గరున్నది ఏదో ఒకటి లాగేసుకుంటారు. నీడ పోతుంది, పేరు పోతుంది, అమ్మ ముఖం గుర్తు లేకుండా పోతుంది. ఏడో తలుపు దాటేసరికి ఆమే కొండరాణి. ఈ కథకు మా లోయలో పాడుకునే పాత వరసలు తీసుకుని, నా భర్త ఆల్విన్ వాటికి ఆర్గాన్, ఏడు దెబ్బల తాళాలు, పదకొండు దెబ్బల తాళాలు తగిలించాడు. ఆ తాళానికి నాట్యం చెయ్యబోతే కాలు విరగడం ఖాయం. కానీ వింటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

నా పేరు ఇసొబెల్. ఫిడేలు నాది, కొండరాణి గొంతు నాది. గొర్రెలు కాసే అమ్మాయి వేషానికి లేత గొంతు కావాలని ఆల్విన్ ఎక్కడో కార్న్‌వాల్ నుంచి టాంసిన్ అనే అమ్మాయిని పట్టుకొచ్చాడు. ఇరవై రెండేళ్లు. ఏడో తలుపు దగ్గర వచ్చే ఆఖరి పాట మాత్రం నాదే. మా మేనత్త డోర్కస్ పాడే పాట అది. పదేళ్లుగా ఊరి పబ్బు పైగదిలో గురువారం గురువారం నేనే పాడుతున్నాను. అందరూ దాన్ని ఇసొబెల్ పాట అంటారు. నేను ఫిడేలు తీగల కోసం న్యూకాజిల్ వెళ్లి తిరిగొచ్చేసరికి, మూసిన తలుపు వెనక నుంచి ఆ పాట వినిపించింది, టాంసిన్ గొంతులో.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

పాస్టరు ప్రసంగం చేసే ఎత్తు వేదిక చుట్టూ దుప్పట్లు కట్టి, దాన్ని పాడేవాళ్ల గదిగా మార్చుకున్నాం. టాంసిన్ అందులో నిలబడి ఉంది, తల మీద హెడ్‌ఫోన్లు, భుజాల మీద ఆల్విన్ కోటు. కింద టేపు మిషను దగ్గర ఆల్విన్ కళ్లు మూసుకుని వింటున్నాడు. అతని పక్కన కిరోసిన్ హీటరు మీద టీ కప్పు, దాని పక్కన తేనె సీసా. పెళ్లయిన ఈ ఆరేళ్లలో నా టీలో ఒక్క చుక్క తేనె వేసిన పాపాన పోలేదు ఈ మనిషి.

కుళ్లు అనండి, అసూయ అనండి, మీ ఇష్టం. నేను దాచను.

"ఆపు ఆ మిషను," అన్నాను.

ఆల్విన్ ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. "ఇజ్జీ! ఎంతసేపైంది వచ్చి?"

"వినాల్సినంత విన్నాను. నేను ఊళ్లో లేని పూట చూసి నా పాట ఆమె చేత పాడించావా? పొద్దున్న బయల్దేరేటప్పుడు నా స్కార్ఫు ముడి కూడా వేశావు కదా, జాగ్రత్తగా వెళ్లిరా అని!"

"అరవకు. ఊరికే ఎలా ఉంటుందో చూద్దామని..."

"చూశావుగా? ఎలా ఉంది?"

ఇక్కడ ఏ మొగుడైనా ఒక చిన్న అబద్ధం చెప్తాడు. ఆల్విన్‌కు సంగీతం విషయంలో అబద్ధం రాదు. అదే అతనిలో నాకు నచ్చిన గుణం. ఆ రోజు మాత్రం ఆ గుణాన్ని తగలబెట్టాలనిపించింది.

"చాలా బావుంది, ఇజ్జీ," అన్నాడు.

టాంసిన్ హెడ్‌ఫోన్లు తీసి, మెట్లు దిగి వచ్చింది. కోటు విప్పి జాగ్రత్తగా కుర్చీ మీద వేసింది. ఆ జాగ్రత్త కూడా నాకు నచ్చలేదు.

"కోపం తెచ్చుకోకండి. నేనే మీకు చెప్పాలనుకున్నాను," అంది.

"ఏం చెప్తావు? మా లోయలో పద్ధతి ఒకటుంది, నీకు తెలీదనుకుంటా. ఒకరి పాట ఇంకొకరు ముట్టుకోరు. కావాలంటే ఎదురుగా నిలబడి నోరు తెరిచి అడగాలి. వాళ్లు ఇస్తే తీసుకోవాలి, లేదంటే నోరు మూసుకోవాలి. అడక్కుండా పాడినవాళ్లను మా పైగదిలో మళ్లీ ఎవరూ పాడమనరు. దాన్ని మేం దొంగతనం అంటాం."

"తెలుసు. ఇచ్చినవాళ్లు ఇక ఆ పాట పాడరని కూడా తెలుసు."

"తెలిసే చేశావన్నమాట!"

"అడిగే తీసుకున్నాను, ఇసొబెల్."

"నన్నెప్పుడు అడిగావు?"

"మిమ్మల్ని కాదు. డోర్కస్‌గారిని."

నాకు నవ్వొచ్చింది. మా అత్త సంగతి నాకు తెలీదా? ఎనభై ఒక్క ఏళ్లు. గుమ్మంలోకి కొత్తవాళ్లొస్తే కుక్క కంటే ముందు ఆమే మొరుగుతుంది. సువార్త పుస్తకాలు అమ్మడానికొచ్చినవాణ్ని కూడా గొర్రెల మందు పట్టించి పంపిందని ఊళ్లో చెప్పుకుంటారు.

"మా అత్త నీకు పాట ఇచ్చిందా? నీకు?"

"నాలుగు ఆదివారాలు వెళ్లాను. మొదటి వారం తలుపు తియ్యలేదు. రెండో వారం పొయ్యిలోకి బొగ్గు మొయ్యమన్నారు. మూడో వారం టీ ఇచ్చారు, పాట ఇవ్వనన్నారు. పోయిన ఆదివారం ఇచ్చారు."

"అబద్ధం!"

"ఇజ్జీ, ఆ పిల్ల అబద్ధం ఎందుకు చెప్తుంది?" అన్నాడు ఆల్విన్.

"ఆ పిల్ల! ఆ పిల్ల! నీకు ఆ పిల్ల తప్ప ఇంకెవరూ కనపడటం లేదు. ఆ పాట నాది, ఆల్విన్. ఏడేళ్లప్పుడు నేర్చుకున్నాను. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజున అత్త పాడుతుంటే గడ్డివాము వెనక దాక్కుని, అక్షరం పొల్లుపోకుండా పట్టుకున్నాను. మా ఇంటి పాట నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?"

టాంసిన్ ఏదో అనబోయి ఆగింది. ఆ ఆగడం చూసి నాకు ఇంకా మండింది. "అను. ఏంటో అనేసెయ్."

"మీరు అడిగారా ఎప్పుడైనా?" అంది, చాలా మెల్లగా.

"నేనెందుకడగాలి? నేను మేనకోడల్ని!"

ఆల్విన్ లేచి వ్యాను తాళాలు తీసుకున్నాడు. "ఇక్కడ మనలో మనం కొట్టుకుంటే తేలేది కాదు. రేపు పొద్దున్న మిషను వెనక్కి పంపాలి. బొగ్గు గని కార్మికుల సమ్మె పుణ్యమా అని ఇవాళ కరెంటు ఉండేదే మూడు గంటలు. వెళ్లి అత్తనే తీసుకొస్తాను. ఎవరి పాటో ఆమే చెప్తుంది. ఎవరిది అంటే వాళ్ల గొంతే రికార్డు మీద ఉంటుంది. సరేనా?"

"నువ్వు పిలిస్తే రాదు. ఈ చర్చి అమ్మేసినప్పటి నుంచీ ఇటు తొంగి చూడలేదు. మన పెళ్లికే రాలేదు."

"అందుకే టాంసిన్‌ను తీసుకెళ్తున్నాను," అన్నాడు ఆల్విన్. "తను అడిగితే వస్తుందేమో."

నా అత్తను నా దగ్గరికి తీసుకురావడానికి ఆ పిల్ల సిఫార్సు కావాల్సి వచ్చింది. తల కొట్టేసినట్టయింది. వాళ్లిద్దరూ వ్యాను ఎక్కడం కిటికీలోంచి చూశాను. ముందు సీటు మీదున్న నా ఫిడేలు తీగల పొట్లాన్ని ఆల్విన్ వెనక్కి విసిరేసి, ఆమెకు చోటు చేశాడు.

చర్చిలో నేను ఒక్కదాన్నే మిగిలాను. పొలం దగ్గరి అత్త ఇంటికి వెళ్లిరావడానికి ముప్పావుగంట పడుతుంది. డ్రమ్ములవాడు, బేసువాడు తమ పని ముగించుకుని మొన్ననే వెళ్లిపోయారు. వెళ్లి హీటరు దగ్గర కూర్చున్నాను. టీ తాగాను, తేనె వేసుకుని. బావుంది దొంగముండ టీ.

అసలు ఆ పిల్ల ఎలా పాడిందో మొదటి నుంచీ వినాలనిపించింది. తప్పులు పట్టుకుందామని. అత్త రాగానే, ఇదిగో ఇక్కడ అపస్వరం, ఇదిగో ఇక్కడ మా యాస రాలేదు అని వేలు పెట్టి చూపిద్దామని. టేపు వెనక్కి తిప్పి వినడం మొదలుపెట్టాను.

అపస్వరం ఒక్కటి లేదు. మొదటి చరణంలో తల్లి మంచులో బిడ్డను వెతుకుతుంది. రెండో చరణంలో ప్రతి ఇంటి తలుపూ తడుతుంది. మూడో చరణంలో గొంతు పోయేదాకా పిలుస్తుంది. అక్కడితో పాట అయిపోతుంది. తల్లి ఇంకా పిలుస్తూనే ఉంటుంది, అలా సగంలో ఆగినట్టు ఉంటుంది. ఆ వెలితి నాకు ఎప్పుడూ తెలుసు. పదేళ్లుగా ఆ చోట ఫిడేలు వాయించి కప్పుతూ వచ్చాను.

టాంసిన్ అక్కడ ఆగలేదు. ఆల్విన్ ఆర్గాన్ రెండు స్వరాల మీదికి దిగింది, తాళం ఆగిపోయింది. ఆమె ఇంకో చరణం ఎత్తుకుంది. ఈసారి పలికింది బిడ్డ.

వెతకకమ్మా, వేసారకమ్మా, మంచులో నా అడుగు లేదు
నీ పిలుపెక్కడ ఆగిపోయిందో, అక్కడే నే నిదరపోయాను

రెండోసారి విన్నాను. మూడోసారి విన్నాను. ఈ చరణం టాంసిన్ కట్టింది కాదు, ఆల్విన్ కట్టింది అసలే కాదు. ఆ మాటలు కదిలే తీరు, చివర స్వరం కింద పడకుండా గాలిలో వదిలెయ్యడం, అదంతా మా అత్తే. ఆ పిల్ల చెప్పింది నిజం. అత్త పాట మొత్తం ఆమెకిచ్చింది. ఏళ్ల తరబడి నేను గడ్డివాము వెనక విన్న పాటకు అసలు చివర ఒకటుందని కూడా నాకు తెలీదు. నలుగురిలో పాడినప్పుడు అత్త దాన్ని మింగేసేది.

ఏడ్చాను. దుఃఖం కొంత ఉందేమో కానీ ఎక్కువ కుళ్లే. నాలుగు ఆదివారాల పరిచయం! బొగ్గు మోసినందుకు! నేను ఆ ఇంట్లో మొయ్యని బొగ్గుందా?

తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ చరణం నా గొంతులో ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలనిపించింది. ఒక్కసారే. గాల్లోకి పాడితే సరిపోయేది కాదు. ఆల్విన్ ఆర్గాన్ కింద ఉండాలి, టాంసిన్ మూడు చరణాలు ముందు నడవాలి, అప్పుడు నేను రావాలి. టేపు మీద ఎనిమిది ట్రాకులూ నిండిపోయాయి. నేను పాడాలంటే ఎవరిదో ఒకరిది చెరిపి పాడాలి. చెరిగింది మళ్లీ రాదు. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలీక చేశానని ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

మైకు తీగను మిషను దాకా లాక్కున్నాను. మూడో చరణం అయ్యేదాకా టాంసిన్ ట్రాకు ఎర్ర మీట మీద వేలు పెట్టి ఉంచాను. ఆర్గాన్ దిగింది. మీట నొక్కాను.

పాడాను.

ఎలా పాడానో నేను చెప్పుకుంటే బావుండదు, కానీ చెప్తాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. ఏడ్చిన గొంతు కాబట్టి కాస్త బొంగురుగా, బరువుగా వచ్చింది. టాంసిన్ గొంతు ముందు లేతగా పోయి, పోయి, తలుపు దగ్గర ఆగినట్టు ఆగింది. అవతల నుంచి నేను పలికినట్టుంది. తిప్పి విన్నప్పుడు నాకే ఒళ్లు గగుర్పొడిచింది. ఆ క్షణంలో నాకు సిగ్గు కానీ భయం కానీ లేవు. గెలిచానన్న సంతోషం ఒక్కటే ఉంది.

బయట వ్యాను హారను మోగింది. సంతోషం అక్కడికక్కడే ఆవిరైపోయింది. మైకు వెనక్కి నెట్టి, తీగ చుట్టేసి, హీటరు పక్కన బుద్ధిమంతురాల్లా కూర్చున్నాను.

అత్త టాంసిన్ చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది. ఆదివారం టోపీ, నల్ల కోటు. చుట్టూ చూసింది. డ్రమ్ములున్న చోట నిలబడి, "ఇక్కడ నా బెంచీ ఉండేది," అంది. తర్వాత నన్ను చూసింది.

"ముక్కు ఎర్రబడిందేమే, జలుబా?"

"అవునత్తా."

"పిచ్చి అబద్ధాలు. ఏడ్చావు." ఆల్విన్ వేసిన కుర్చీలో కూర్చుంది. "దారంతా ఈ అబ్బాయి చెప్పాడు. పాట ఎవరిదని కొట్టుకుంటున్నారట. విను, హిన్నీ, నా బంగారం. నా పాట ఈ పిల్లకిచ్చాను. అడిగింది, ఇచ్చాను."

"నేను పదేళ్లుగా పాడుతున్నాను అత్తా."

"తెలుసు. పబ్బు పైగదిలో పాడేది నా చెవిన పడదనుకున్నావా? నీకిచ్చి ఉంటే ఆ తర్వాత కూడా నేను పాడేదాన్నా? ప్రతి ఏడూ నీ ఎదుటే పాడానుగా, బొచ్చు కత్తిరించే రోజున. నీకు అర్థమవుతుందనుకున్నాను. అడుగుతావని చూశాను. ఎన్నేళ్లు చూశాను! ఒక్క మాట. అత్తా, నాకివ్వు అని. నీ నోట రాలేదు."

మేనత్త ఇంట్లో ఉన్నదేదైనా నాదే అనుకున్నాను. అడగాలని తట్టనే లేదు. ఇంత చిన్న సంగతి! ఎదురుగా టాంసిన్ తల వంచుకుని చేతులు నలుపుకుంటోంది. ఆమె నా వంక గర్వంగా చూసినా బావుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

"సరే, ఏదీ, నా పాటను ఏం చేశారో వినిపించండి," అంది అత్త.

ఆల్విన్ మిషను దగ్గరికి వెళ్లాడు. అప్పుడైనా చెప్పేయాల్సింది. ఆగు ఆల్విన్, నేనొక పని చేశాను అని. అతను టేపు వెనక్కి తిప్పుతుంటే నేను హీటరు మంట సరిచేస్తూ కూర్చున్నాను.

మొదటి చరణానికి అత్త కళ్లు మూసుకుంది. రెండో చరణానికి మోకాలి మీద వేలితో తాళం వేసింది. ఆల్విన్ తాళం ఆమెకు అందక, నవ్వి వదిలేసింది. మూడో చరణం అయింది. ఆర్గాన్ దిగింది.

నా గొంతు వచ్చింది.

టాంసిన్ చటుక్కున తలెత్తింది. ఆల్విన్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అతని ముఖంలో ముందు దిగ్భ్రమ, ఆ వెంటనే కోపం. ఆ రెండూ పోయి మూడోది వచ్చింది. అతనికి బాగా నచ్చింది. సంగీతంలో అబద్ధం రాని మనిషి ముఖం దాచలేకపోయింది. "గొంతు మారిపోయింది," అన్నాడు తనలో తాను. "ఏడో తలుపు ఆ గొర్రెల కాపరి గొంతు లాగేసుకుంది. దేవుడా, ఇదే కావాల్సింది మనకు!"

అత్త ఆపమన్నట్టు ఒక్క వేలెత్తింది. ఆల్విన్ మిషను ఆపేశాడు.

"ఆ ఆఖరి చరణం ఈ పిల్ల గొంతు కాదు," అంది. నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. "నేను ఇచ్చింది ఒకరికి. వినిపించేది ఇంకొకరు. ఇది నీ నోట్లోకి ఎలా వచ్చింది, ఇసొబెల్?"

దొంగతనం అని అరిచింది నేనే, గంట కూడా కాలేదు. ఆ మాట ఈ గోడలకు ఇంకా అంటుకునే ఉండి ఉంటుంది. అత్త ఒక్క మాట చెప్తే చాలు, లోయలో ఏ గదిలోనూ నన్ను ఎవరూ పాడమనరు. చెరిగిపోయిన దానికి టాంసిన్ ఏడవొచ్చు, తిట్టొచ్చు, నా జుట్టు పట్టుకోవచ్చు. నేను దానికి సిద్ధంగా ఉన్నాను.

"నేనే ఇచ్చాను," అంది టాంసిన్.

అందరం ఆమె వైపు తిరిగాం.

"దారిలో చెప్పడం మర్చిపోయాను, డోర్కస్‌గారూ. పొద్దున్న ఇసొబెల్ అడిగారు. ఇచ్చేశాను."

ఎంత శుభ్రంగా అబద్ధమాడిందో! రెప్ప కూడా వెయ్యలేదు. నన్ను కాపాడింది. నేను ఎవరి మీద కళ్లలో నిప్పులు పోసుకున్నానో, ఆ పిల్లే. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఆమె మీద ఉన్నంత కుళ్లు ఎప్పుడూ లేదు. గొంతు నాకంటే మంచిదంటే సర్దుకుపోవచ్చు. మనసు కూడా మంచిదైతే ఎక్కడికి పోవాలి?

అత్త ఆమె ముఖంలోకి చూసింది. "ఇచ్చేశావా? అయితే ఇక బతికినన్నాళ్లూ నువ్వు ఆ పాట పాడకూడదు. ఈ రికార్డులో కూడా నీ గొంతు ఉండకూడదు. ఆ మూడు చరణాలూ చెరిపెయ్యాలి. తెలుసుగా?"

టాంసిన్ టేపు వైపు చూసింది. "తెలుసు," అంది.

ఆల్విన్ చెయ్యి టేపు మీద ఉంది. అతనికి నిజం తెలుసు. పొద్దున్న నేను అడగలేదని ఈ గదిలో అత్తకు తప్ప అందరికీ తెలుసు. అత్తకు మాత్రం తెలీదని నేను ప్రమాణం చెయ్యలేను.

అత్త కుర్చీలో నా వైపు జరిగింది. ముడతలు పడ్డ చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో కోపం లేదు, ఆశ ఉంది. అదే నాకు భయమేసింది.

"నిజమేనా, హిన్నీ?" అంది. "ఇన్నాళ్లకు నోరు తెరిచి అడిగావా?"

అవునంటే పాట నాది, రికార్డు నాది, అత్త నాది. కాదంటే వీటిలో ఒక్కటీ నాది కాదు. టాంసిన్ నా కళ్లలోకే చూస్తోంది, అవునను అన్నట్టు తల కొద్దిగా ఊపింది.

నేను నోరు తెరిచాను. ఏమన్నానో వచ్చే వారం.